డల్లు అని రాసుకున్న వీధి

పరిశోధనలోకి కొత్తగా వచ్చిన పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. చేతిలో ట్యాబు, భుజాన సంచి, మాటలో తొందర. "సార్, ఫీల్డులో మీకు బాగా గుర్తుండిపోయిన రోజు ఏది?" అని అడుగుతారు. ఏ తుఫాను రోజో, ఏ మంత్రిగారో మా నివేదికను మెచ్చుకున్న రోజో చెబుతానని వాళ్ల ఆశ. తుఫానప్పుడు నేను ఇంట్లో తలుపులు బిగించుకుని ఉన్నాను. మంత్రులెవరూ మమ్మల్ని మెచ్చుకోలేదు. నాకు గుర్తుండిపోయింది ఒక మీటింగు. అందులో నేను మాట్లాడింది నాలుగు ముక్కలు. అవి కూడా అబద్ధాలు.

నేను విశాఖ వన్ టౌన్‌లో కొట్ల మధ్య పుట్టి పెరిగినవాణ్ణి. మా నాన్నది తాళ్లు, మేకులు, గొలుసులు అమ్మే కొట్టు. ఆర్థికశాస్త్రం యూనివర్సిటీలో చదివానన్న మాటేగానీ, అసలు చదువంతా గల్లాపెట్టె పక్కన స్టూలు మీద సాగింది. పరిశోధన సంస్థవాళ్లు నన్ను తీసుకున్నది కూడా నా డిగ్రీ చూసి కాదని నా అనుమానం. సర్వేకి ఒప్పుకోని సర్పంచులతో, లాడ్జీ మేనేజర్లతో, కారు డ్రైవర్లతో బేరం కుదిర్చే మనిషి ఒకడు వాళ్లకు కావలసి వచ్చాడు. బేరం నాకు అలవాటు దాటి జబ్బయింది. డాక్టరు వారం మందులు రాస్తే నాలుగు రోజులకు ఒప్పించబోయేవాణ్ణి. డైరెక్టరుగారు శుక్రవారానికి డ్రాఫ్టు కావాలంటే నేను తర్వాతి మంగళవారం అనేవాణ్ణి. చివరికి సోమవారం దగ్గర తెగేది.

నేను రిటైరవడానికి కొంచెం ముందు మా సంస్థకు ఒక పెద్ద అధ్యయనం వచ్చింది. ఆసియాలోని కొన్ని రేవు నగరాల్లో, రేవును ఆనుకుని బతికే చిన్న వర్క్‌షాపులను ప్రభుత్వాలు ఎలా చూస్తున్నాయి, ఎలా చూస్తే బాగుంటుంది అన్నది విషయం. మన దేశం తరఫున విశాఖపట్నం. నాకు మల్కాపురం వైపు అప్పగించారు. ఆటోనగర్ అంచున ఉన్న ఒక వీధిని మా సంస్థలో గణాంకాలు చూసే అమ్మాయికి అప్పగించారు. వాళ్లది బందరు. తండ్రి ఉక్కు కర్మాగారంలో ఉద్యోగానికొచ్చి ఇక్కడే స్థిరపడ్డాడు. ఆ అమ్మాయి లెక్కలో వేలు పెట్టడానికి సందుండేది కాదు. ఎవరైనా పెడితే ఆ వేలికి కూడా కారణం అడిగేది.

ఆ వీధంతా ఇనుము చెక్కే లేతు మిషన్ల షెడ్లు. ఫిషింగ్ హార్బరులో బోటుకి షాఫ్టు వంగినా, రేవు నుంచి వచ్చే ట్రైలరుకి ఇరుసు అరిగినా అక్కడికే తెస్తారు. షెడ్లన్నీ అద్దెవే. ఆ స్థలాన్ని ఖాళీ చేయించి ట్రైలర్ల యార్డు కట్టాలని, షెడ్లవాళ్లకు రేవుకి దూరంగా ఆనందపురం అవతల కొత్త చోటు ఇవ్వాలని పైన ఒక ఆలోచన నడుస్తోంది. ఖాళీ చేయించొచ్చా, చేయించకూడదా అన్నదానికి మా నివేదికే ఆధారం. ఈ మాట మా ఆఫీసులో అందరికీ తెలుసు. ఆ వీధిలో ఎవరూ నమ్మలేదు.

అధికారులతో మీటింగుకి రెండు రోజుల ముందు డ్రాఫ్టు నా బల్ల మీదికి వచ్చింది. ఆటోనగర్ అధ్యాయం మొదటి వాక్యమే, ఈ వీధి క్షీణదశలో ఉంది అని. నేను ఆ అమ్మాయి దగ్గరకు వెళ్లి అడిగాను.

"వ్యాపారం బాగుందని ఒక్కరైనా అన్నారా?"

"ఒక్కరు కూడా అనలేదు సార్. అందరూ డల్లు అన్నారు. ఇంత స్పష్టమైన జవాబు ఇంకే ప్రశ్నకీ రాలేదు."

"ఎలా అడిగావు?"

"పద్ధతిగానే అడిగాను. గుర్తింపు కార్డు చూపించాను, ఇది ప్రభుత్వానికి వెళ్లే నివేదిక అని ముందే చెప్పాను."

నాకు మా నాన్న గుర్తొచ్చాడు. దసరా రోజుల్లో మా కొట్టు ముందు లారీలకు తాళ్లు కొనేవాళ్లు మెట్ల మీద కూడా నిలబడేవాళ్లు. ఆ రద్దీలో తెలియని మనిషెవరైనా మెట్టెక్కి "బేరాలెలా ఉన్నాయండీ?" అంటే, మా నాన్న ఒక చేత్తో మేకులు తూస్తూనే "ఏటుంటాయి బాబూ, ఈగలు తోలుకుంటన్నాం" అనేవాడు. ఆ మాట అనడానికి ఆయనకు ఆలోచన అక్కరలేదు. దగ్గొచ్చినట్టు వచ్చేది. దిష్టి భయం కొంత, పన్ను భయం కొంత, అద్దె పెంచుతారన్న భయం ఇంకొంత. బాగుంది అని నోరు జారిన కొట్టువాణ్ణి నేను చూడలేదు.

ఇదంతా చెబితే ఆ అమ్మాయి ఓపిగ్గా వింది.

"మీ నాన్నగారి మాట నేను నమ్ముతాను సార్. కానీ మీకు అనిపించిందని నేను ఒక వీధి లెక్క మార్చలేను. మీరు చూసింది ఏదైనా తెచ్చివ్వండి, మారుస్తాను."

ఆ మాటతో బేరానికి తావు లేదు. డైరెక్టరుగారి గదిలో అంతకన్నా తావు లేదు. ఆయన ఢిల్లీలో చదువుకుని వచ్చిన మర్యాదస్తుడు. "రిపోర్టు ప్రింటుకి వెళ్లిపోయింది. ఎల్లుండి మీరు ముందు వరసలో కూర్చోండి. నోరు మాత్రం తెరవకండి," అన్నారు, టీ ఇప్పిస్తూ.

మర్నాడు మధ్యాహ్నం నేనే ఆటోనగర్ వెళ్లాను. ఆ వీధి పెద్ద ఒక లేతు షెడ్డాయన. నా వయసువాడే. కళ్లద్దాలకు దారం కట్టి మెడలో వేసుకునేవాడు. వీధి తరఫున మీటింగుకి వచ్చేది ఆయనే.

"మీరంతా డల్లు అని రాయించేరట," అన్నాను.

"డల్లే కదండీ మరి." పని ఆపలేదు.

"ఆ గోడకి ఆనించినవేటి?"

"అవా? పాతయి."

ఆ పాత షాఫ్టుల మీద సుద్దముక్కతో బోట్ల పేర్లు రాసి ఉన్నాయి. వేలు తగిలితే పొడి రాలేంత కొత్త రాత. నేను వేలు చూపించాను. ఆయన నా వేలు వైపు చూసి, మళ్లీ మిషను వైపు తిరిగాడు.

జరగబోయేది అంతా చెప్పాను. డల్లు అన్నందుకే లేపేస్తున్నారని, రేపు అందరిలో నిజం చెబితే తప్ప ఆగదని.

"సూడండి సారూ," అన్నాడు అప్పుడు మిషను ఆపి. "రేపా హాల్లో పన్నులోళ్లుంటారు. షెడ్ల ఓనరు తమ్ముడూ ఉంటాడు. ఆళ్ల ముందు నాను లెగిసి, అయ్యా మా బేరాలు బాగున్నాయండి అనాలా?"

"అనకపోతే షెడ్డే ఉండదు."

"మా నాన్నప్పట్నుంచీ లేపేత్తాం లేపేత్తాం అంటానే ఉన్నారు. ఎవులు లేపేరు?"

"ఈసారి రాసిచ్చింది మేము."

"అయితే మీరే కొట్టేయండి."

"కొట్టేయాలంటే నువ్వు నోరు విప్పాల."

"అదొక్కటీ అడక్కండి. ఇంకేటైనా అడగండి."

ఎదురుగా ఇంకో లేతు షెడ్డు. ఆయనకీ ఈయనకీ మాటల్లేవు. ఎప్పుడో ఒక బోటు యజమాని ఇక్కడ ఇచ్చిన పనిని సగంలో అక్కడికి తీసుకుపోయాడట. అప్పటినుంచి ఒకరి ముఖం ఒకరు చూడరు. కానీ ఎదుటి షెడ్డులోకి ఏ సరుకు వెళ్తోందో, ఎప్పుడు బయటికొస్తోందో ఇద్దరికీ కంఠతా వచ్చు. నేను వీధి దాటి ఆయన్ని అడిగాను.

"ముందాయన్ని సెప్పమనండి. అప్పుడు సూద్దాం," అన్నాడు.

మళ్లీ ఇవతలికి వచ్చాను.

"ముందాయన్ని సెప్పమనండి," అన్నాడు ఈయన.

ఎండలో ఆ వీధిని అటూ ఇటూ ఎన్నిసార్లు దాటానో. జీవితమంతా బేరాలు తెంపినవాణ్ణి, ఇద్దరూ ఒకే ధర చెబుతున్న బేరాన్ని తెంపలేక తిరిగొచ్చాను.

మీటింగు రోజు హాలు నిండింది. బల్లకు ఆ చివర పెద్ద అధికారి. ఆవిడ మాట తక్కువ, చూపు ఎక్కువ అని పేరు. మధ్యాహ్నం విమానానికి వెళ్లాలని ముందే చెప్పారు. అంటే లేచేలోపు యార్డు స్థలం ఖాయం చేసి వెళ్తారు. వెనక వరసల్లో వీధివాళ్లు, అందరూ ఇస్త్రీ చొక్కాల్లో. గోళ్లలో గ్రీజు మాత్రం అలాగే ఉంది. ఎదురు షెడ్డాయన మా లేతు పెద్దాయనకి సరిగ్గా వెనక కుర్చీలో కూర్చున్నాడు, ఆయన మెడ తప్ప ఇంకేమీ కనపడని చోట.

డైరెక్టరుగారు బొమ్మలు చూపించారు. ఆసియాలోనే ఇంకో రేవు నగరంలో ఇలాంటి వర్క్‌షాపులను ఊరి బయటికి పంపి కట్టిన యార్డు బొమ్మలవి. తళతళలాడే నేల, గీతలు గీసిన వరసలు. ఆ నగరం నుంచి మాతో పనిచేసే పరిశోధకుడొకడు ఒకరోజు వీడియో కాల్‌లో, "యార్డు బాగుంది. మా చేపల పడవలు మాత్రం వేరే రేవుకి పోయాయి," అన్నాడు. బొమ్మల్లో ఆ మాట లేదు. నేను ముందు వరసలో కూర్చుని, తెరవకూడని నోటిని వేళ్లతో మూసుకుని ఉన్నాను.

అధికారి లేతు పెద్దాయన్ని పిలిచారు.

"చెప్పండి. వ్యాపారం ఎలా ఉంది?"

ఆయన లేచి నిలబడ్డాడు. పన్నులవాళ్లు కూర్చున్న వైపు ఒకసారి చూశాడు.

"ఏటుందమ్మా. డల్లు."

వెనక వరసలన్నీ తలూపాయి. ఎదురు షెడ్డాయన కూడా ఊపాడు. ఆ ఇద్దరూ ఏకీభవించగా చూసింది నేనప్పుడే.

"మరి కొత్త చోటుకి వెళ్లడానికి అభ్యంతరం ఏమిటి?"

"ఎల్లలేం అమ్మా."

"ఎందుకు వెళ్లలేరు? ఇక్కడ పని లేదంటున్నారు. అక్కడ కొత్త షెడ్లు, కరెంటు, నీళ్లు అన్నీ ఇస్తామంటున్నాం."

ఆవిడ అడిగినదాంట్లో అన్యాయం ఏమీ లేదు. చేతినిండా పని ఉందన్న జవాబు ఆయన గొంతులోనే ఉంది. ఓనరు తమ్ముడు కుర్చీలో కొంచెం ముందుకు జరిగి వింటున్నాడు. పెద్దాయన కూర్చుండిపోయాడు.

ఆవిడ గడియారం చూసుకున్నారు. "ఇంకెవరైనా చెప్పేది ఉందా? లేకపోతే ఇక ముగిద్దాం."

నేను లేచాను. డైరెక్టరుగారు నా చొక్కా అంచు పట్టుకుని కిందికి లాగారు. బలంగానే లాగారు. అయినా నేను అధికారి వైపు తిరగలేదు. వెనక్కి తిరిగి, పెద్దాయనతో అన్నాను.

"బావా, నా బోటు షాఫ్టు వంగిపోయింది. రేపు సాయంత్రానికి కావాల. సేసిత్తావా?"

హాల్లో గుసగుసలు ఆగిపోయాయి. నాకు బోటు లేదని ఆయనకు తెలుసు. నేను సముద్రంలో మోకాలి లోతు దాటి దిగనివాణ్ణి. కళ్లద్దాల మీదుగా నన్ను చూశాడు.

"ఇప్పుడేటి సారూ ఇది," అన్నాడు మెల్లగా.

"సేత్తావా, సెయ్యవా?"

ఆయన తల అటు తిప్పుకున్నాడు. నా వీపు మీద అధికారి చూపు తెలుస్తోంది. ఇక్కడితో ఆగితే నేను పిచ్చివాణ్ణి, వీధి ఆనందపురం అవతల. ఇంకొక్క మెట్టు ఉంది. కొట్టులో ఎంత మొండి బేరమైనా తెగే మెట్టు.

"పోనీలే," అన్నాను. "నీకు సేతకాదని హార్బరులో అంటానే ఉన్నారు. ఎదురు షెడ్డులో ఇచ్చేత్తాను. ఆయనకి ఎలాగూ కాళీయే."

"రేపటికా?" అని వెనక కుర్చీ లేచింది. "నాకెక్కడ కాళీ? వచ్చే వారం దాకా..." అని అక్కడే ఆగింది.

అప్పటికే పెద్దాయన లేచి వెనక్కి తిరిగాడు. ఇన్నేళ్ల తర్వాత ఇద్దరూ ముఖాముఖి.

"ఆయనకిత్తారా? దసరాకి ఇత్తానన్న షాఫ్టు ఇంకా ఆయన గుమ్మంలోనే పడుంది. ఆ బోటు డ్రైవరు రోజూ వచ్చి నా షెడ్డులో కూకుని ఏడుత్తన్నాడు."

"నీ షెడ్డులో కూకోడానికి సోటేది? ట్రైలరోళ్లు గుమ్మం దాకా నిలబడితే."

"నిలబడతారు. నా రెండు లేతులూ ఆగకుండా తిరుగుతన్నాయి గనక నిలబడతారు. నీ దాన్లాగ..."

హాలంతా నవ్వింది. ఆ నవ్వు విని ఆయన ఆగిపోయాడు. ఎక్కడున్నాడో, ఏం అన్నాడో ఆ క్షణంలో తెలిసింది. మెడలో కళ్లద్దాల దారాన్ని వేలితో పట్టుకుని నిలబడిపోయాడు.

నవ్వనిది అధికారి ఒక్కరే.

"ఆగండి. రెండు లేతులూ ఆగకుండా తిరుగుతున్నాయా?"

ఆవిడ చూపు వెనక కుర్చీ వైపు తిరిగింది.

"మీకు వచ్చే వారం దాకా ఖాళీ లేదా?"

ఎదురు షెడ్డాయన నేల చూశాడు.

"మేడమ్, ఇవి ఇద్దరి మధ్య పాత తగాదాలు," అన్నారు డైరెక్టరుగారు. "మా సర్వే వీధి మొత్తం మీద చేసింది."

"సర్వే ఎవరు చేశారు?"

మా గణాంకాల అమ్మాయి లేచింది. ఆ క్షణాన వీధి సంగతి నా చేతిలో లేదు, పెద్దాయన చేతిలో లేదు, ఆ పిల్ల చేతిలో ఉంది. సర్వే సరైనదే అంటే చాలు, అందులో అబద్ధం కూడా లేదు. ఉద్యోగం నిలబడుతుంది. డైరెక్టరుగారు ఆమె వైపు చూడకుండా కాగితాలు సర్దుతున్నారు. ఆమె నోరు తెరిచే ముందు గొంతు సవరించుకోవడం కూడా నాకు చాలాసేపు పట్టినట్టు అనిపించింది.

"నేనే చేశాను మేడమ్. వాళ్లు చెప్పింది చెప్పినట్టు రాశాను. కానీ అడగడమే తప్పుగా అడిగాను. మెడలో కార్డు వేసుకుని, ప్రభుత్వం పేరు చెప్పి, మీ వ్యాపారం ఎలా ఉందంటే ఎవరైనా ఏం చెబుతారు?"

"అయితే మళ్లీ వెళ్లి అడుగుతారా?"

"వీళ్లని అడగను మేడమ్. వీళ్ల గుమ్మంలో కాసుకుని ఉన్నవాళ్లని అడుగుతాను. బోట్లవాళ్లని, ట్రైలర్ డ్రైవర్లని. ఇక్కడ ఎన్నాళ్లు ఆగుతున్నారు, ఈ వీధి ఆనందపురం దాటిపోతే ఎక్కడికి పోతారు అని. షెడ్లవాళ్ల సంపాదన నాకక్కర్లేదు."

ఆ చివరి మాట అన్నప్పుడు పన్నులవాళ్ల వైపు చూసి అంది.

అధికారి పెన్నుకి మూత పెట్టారు. "ఒక నెల ఇస్తాను. ఈ స్థలం సంగతి అప్పటిదాకా పక్కన పెట్టండి. ఈలోపు ఎవరికీ నోటీసు వెళ్లకూడదు," అన్నారు. లేచి వెళ్తూ నా దగ్గర ఆగారు.

"మీకు బోటు ఉందా?"

"లేదు మేడమ్."

"అనుకున్నాను," అని వెళ్లిపోయారు.

బయట మెట్ల మీద పెద్దాయన నా కోసమే నిలబడి ఉన్నాడు. కృతజ్ఞత చెబుతాడేమోనని నేను చొక్కా సర్దుకున్నాను.

"ఓనరు తమ్ముడు నన్నడిగి పోనాడు, రెండు లేతులెప్పుడు పెట్టేవని," అన్నాడు. "నా ఇంటి గుట్టు నా నోటితోనే సెప్పించేరు."

"ముందే సెబితే నువ్వు మీటింగుకి వచ్చేవాడివా?"

"రాను," అన్నాడు నిజాయితీగా. అని మెట్లు దిగి వెళ్లిపోయాడు. ఆటో ఒకటే ఉంది. అందులో అప్పటికే ఎదురు షెడ్డాయన కూర్చుని ఉన్నాడు. ఇద్దరూ చెరో వైపుకి తిరిగి ఒకే ఆటోలో వెళ్లారు.

ఆ నెల నేను నిద్ర సరిగ్గా పోలేదు. బోట్లవాళ్లు కూడా డల్లు అంటే ఏం చేయాలి? మా అమ్మాయి కార్డు సంచిలో పెట్టేసి, తెల్లవారగానే హార్బరుకి పోయి, ఒడ్డున ఆగిపోయిన బోట్ల పక్కన కూర్చునేది. అక్కడ ఆమెకు భయపడాల్సిన పని ఎవరికీ లేదు. పైగా ఆలస్యానికి లేతువాళ్లను తిట్టుకోవడానికి ఒక మనిషి దొరికింది. నోరారా తిట్టారు. వారాల తరబడి ఎలా పడిగాపులు పడుతున్నారో, అయినా ఇంకో చోటికి ఎందుకు పోలేరో పూసగుచ్చినట్టు చెప్పారు. ఆ తిట్లనే ఆమె పట్టికలుగా మార్చింది. ఏ షెడ్డు పేరూ అందులో రాకుండా చూసుకుంది. వీధికి ఆ తిట్లకు మించిన మెచ్చుకోలు ఇంకెవరూ ఇవ్వలేరు. డైరెక్టరుగారు కూడా తన మాట మీద పట్టుబట్టలేదు. అధ్యాయం కొత్తగా రాశారు. తర్వాత ఒక సెమినారులో ఈ కథంతా చక్కగా చెప్పారు. అందులో బోటు అడిగిన మనిషి ఆయనే అయ్యారు. నేను ఏమీ అనలేదు. ఆ రోజు చొక్కా చింపకుండా వదిలారు, అది చాలు.

యార్డుకి వేరే ఖాళీ స్థలం చూశారు. వీధి ఉన్నచోటే ఉంటుందని ఉత్తర్వు వచ్చిన రోజు నేను ఆటోనగర్ వెళ్లాను. నేనే ముందు చెప్పాలని.

"తెలిసింది," అన్నాడు పెద్దాయన. షాఫ్టు మీద నుంచి ఇనుప రజను సన్నగా రాలుతోంది. స్టూలు చూపించలేదు. నిలబడ్డాను.

"మంచికే సేసేరు. కాదన్ను," అన్నాడు చివరికి. "కానీ నలుగురిలో నన్ను ఆడించేరు. ఆ రోజు ఆళ్లు నవ్వింది నన్ను సూసి. మిమ్మల్ని సూసి కాదు."

ఏదో చెప్పబోయాను, బేరంలా వినపడుతుందని ఆగాను.

"ఇంకోపాలి మా వీధికి రావాలంటే పని పట్టుకుని రండి సారూ. మాటలు పట్టుకుని కాదు."

రిటైరయ్యాక ఆ వీధికి వెళ్లాలని చాలాసార్లు అనిపించింది. ఒట్టి చేతులతో వెళ్లలేను కదా. అందుకని ఇంట్లో విరిగిన ఇనుప వస్తువు దొరికితే పారేయనివ్వను. గేటు గొళ్లెం పట్టుకెళ్లాను, నీళ్ల మోటారు షాఫ్టు పట్టుకెళ్లాను. ఆయన వస్తువు అందుకుంటాడు, తిప్పి చూస్తాడు, ఎప్పుడు రావాలో చెబుతాడు. స్టూలు మీద కూర్చోనిస్తాడు. టీ కూడా వస్తుంది. ఈమధ్య మా ఇంట్లో విరిగినవన్నీ అయిపోయాయి. నేను బాగున్న గ్రైండరు వైపు చూస్తుంటే మా ఆవిడ వచ్చి దానికి అడ్డంగా నిలబడుతోంది.